గీత లేని గడి

తొంభై రెండు, జనవరి.
సుపీరియర్ సరస్సు గడ్డకట్టిన నెల.
పద్దెనిమిది కంప్యూటర్లు దింపించి
"ఇక సుద్దముక్కలు దండగ, హాల్వర్‌సన్" అన్నాడు డీన్.
ఇరవై ఏడేళ్ల సుద్ద నా కోటు జేబుల్లో ఉంది.
ఉతికినా పోదు.

కాదనను, ఆ పెట్టెకి విద్య వచ్చు.
వక్రరేఖ మీద ఒక్క చుక్కని పట్టుకుని
పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూపిస్తే
వంపు తనంతట తనే సాపయ్యి
స్పర్శరేఖలో కలిసిపోయేది.
నాలుగు వారాలు నేను గొంతు చించుకునే సంగతి
నాలుగు మీటలకే పిల్లల కళ్లలో పడేది.
కుళ్లుకున్నాను. దాచడమెందుకు.

ఆ మంగళవారం లెక్క, ఒకటి బై ఎక్స్.
తెర మీద రెండు కొమ్మలు,
ఒకటి పాతాళానికి, ఒకటి ఆకాశానికి.
సున్నా దగ్గర ఆ రెంటినీ కలిపేస్తూ
నిటారుగా ఓ పచ్చ గీత.
పదిహేడు మంది ఉన్నదున్నట్టు ఎక్కించుకున్నారు.
ట్రూడీ సోలియే పెన్సిలు కదపలేదు.
ఏమ్మా అంటే
"ఇక్కడ రోడ్డు లేదు" అంది.

ఆమె వచ్చేది దీవి నుంచి.
రెండు మైళ్లు మంచు మీదే దారి,
పండగ తీరాక పారేసిన క్రిస్మస్ చెట్లు
గుర్తుకి వరసగా పాతిన దారి.
వాళ్ల నాన్న ట్రక్కు ఆపి, దిగి,
గునపంతో తట్టి, చప్పుడు విని, అప్పుడు కదుపుతాడు.
"చెట్టుకీ చెట్టుకీ మధ్య ఏముందో చెట్లు చెప్పవు మాస్టారూ.
ఇది చెట్లని మాత్రమే చూసింది.
మిగతాది ఊహించేసుకుంది."

చుక్కలు లెక్కకట్టి కలపడమే దాని పని,
ఖాళీ అంటే దానికి తెలీదు అని
నేను చెప్పబోయిందీ అదే.
ఇంత బాగా కాదు.

ఆ రాత్రి హోంవర్కు మార్చాను:
ఈ పెట్టె అబద్ధమాడే చోటు
ఒకటి పట్టుకు రండి.
వారంలో మూడు తెచ్చారు.
అందులో ఒకటి నాకూ కొత్త.

మార్చిలో ఓ పొద్దున ఆఫీసుకి ఫోను.
వెనక గాలి హోరు, మంచు విరిగే మూలుగు.
"మాస్టారూ, ఇవాళ మా దారి నిర్వచితం కాదు."
"ఎడమ నుంచి ఎంతదాకా రాగలవు?"
"మూడో చెట్టు దాకా."
ఇద్దరం నవ్వాం.

హాజరు పట్టీలో ఆమె పేరు ఎదుట
పెన్ను ఆనించి, తీసేశాను.
ఆ గడికి ఇటు సోమవారం.
అటు, ఎప్పుడో, పడవ కదిలే రోజు.