రెండు గుర్తులు

ఆర్మరీ బల్లమీద లోకనాథం గారు
మూడు పిస్తోళ్లు పరిచారు.
కింద వేసిన పాత పేపరు నూనె తాగి
ఎవరో గెలిచిన ఎన్నిక ఇటునుంచి అటు కనబడుతోంది.

ఒకదానికి మూడు తెల్లచుక్కలు.
ఇంకోదానికి ముందు ఎర్రపోగు, వెనక రెండు మరలు,
ఒకటి తిప్పితే పక్కకి, ఒకటి తిప్పితే పైకి.
చీకట్లో పచ్చగా మిణుకుతుందట కూడా.
మూడోది వట్టి నలుపు.
వెనక ఒక గాడి, ముందు ఒక దిమ్మ,
గడియ లేని తలుపంత సాదా.

మరలున్నదాన్ని ఆయన గోటితో గీకారు.
గోటికింద ఎర్రపొడి.
"సముద్రం పక్క ఊరమ్మా ఇది.
ఉప్పుగాలికి మర కనబడితే సాలు, కొరుక్కు తినేత్తాది.
క్రైమ్ బలరామమూర్తిది నాలుగేళ్లు ఎడంకి కొడతంది.
ఆడు సెయ్యి వణుకుతందనుకుని
కేజీహెచ్‌లో నరాల డాక్టరు దగ్గర లైనులో నిల్సున్నాడు."

మూడు చుక్కలతో నిన్ననే కాల్చి చూశాను.
ముగ్గు దగ్గర కూర్చున్న పిల్లలా
కన్ను చుక్క నుంచి చుక్కకి తిరిగొచ్చేలోపు
ఈల మోగింది.
అట్టమనిషి పక్కకి తిరిగి
సన్నటి గీతైపోయాడు.

మా నాన్న గరికిన దానయ్య, తెప్ప మనిషి.
డాల్ఫిన్ నోస్ కొమ్ముని
వెనక సింహాచలం కొండ భుజానికి ఆనించి చూసేవాడు.
ఆ గీత కింద రాతిపారు, పారులో వంజరం.
"దగ్గరిదొకటి, దూరందొకటి.
మూడో గుర్తు ఎతికినోడి వల సిరుగుద్ది" అనేవాడు.
ఆయన చేతిలో తుపాకి లేదు కాబట్టి
ఆ మాట నాకు చాలాకాలం గుర్తు రాలేదు.

శిక్షణలో మొదటిరోజే చెప్పారు:
ముందు దిమ్మ తేటగా ఉండాలి.
గాడి కొంచెం మసక.
ఎదుటి మనిషి పూర్తిగా మసక.
పదకొండేళ్లు ఎక్కంలా వల్లించాను.

నిరుడు శ్రావణంలో ఒక రాత్రి,
ఫిషింగ్ హార్బరు వెనక, ఐసు ఫ్యాక్టరీ సందు.
కరెంటు లేదు. చేపల కత్తితో ఒకడు.
నా నల్లదిమ్మ నల్లగాడిలో పడి మునిగిపోయింది.
కళ్లు చించుకున్నా దొరకలేదు.
ఆనడానికేమీ లేక చూపు ముందుకి జారింది,
వాడి దాకా.

ఒక్క కాలికే చెప్పు.
చొక్కా నిండా పొలుసులు, అవి మాత్రం మెరుస్తూ.
మూతిమీద ఇంకా సరిగా రాని మీసం.
"ఎవరబ్బాయివిరా నువ్వు?"
ఆ అడిగింది ఎస్సై కాదు, జాలారిపేట.
తండ్రి పేరు చెప్పబోయి ఏడ్చాడు.
కత్తి నీళ్లలో పడ్డ చప్పుడు
అనుకున్నంత పెద్దగా లేదు.

ఇది నల్లసైటు మహిమ అనను.
వాడు ఇంకో అడుగు వేసి ఉంటే
ఆ చీకట్లో పచ్చచుక్క కోసం నేనే ప్రాణం ఇచ్చేదాన్ని.
బహుశా నిజంగానే ఇచ్చేదాన్ని.
రిపోర్టులో 'లొంగిపోయెను' అని రాసి సంతకం పెట్టాను.
లోకనాథం గారికీ చెప్పలేదు.

"ఏది రాయమంటావమ్మా రిజిస్టర్లో?"

నల్లదే. ముందు దిమ్మమీద ఒక్క చుక్క పెట్టండి.
వెనక ఏమీ వద్దు.

అగ్గిపుల్ల కొసని తెల్లరంగులో ముంచి
ఆయన ఊపిరి బిగబట్టారు.
దిష్టిచుక్క పెట్టే చెయ్యి అలాగే ఆగుతుంది.
"ఆరడానికి గంట పడుద్ది. ముట్టుకోకు.
టీ తాగొచ్చెయ్."

టీ కొట్టు దగ్గర సాయంత్రం దిగుతోంది.
దూరంగా ఓడ ఒకటి కాలువలోకి తిరుగుతూ
ఎగువ దీపాన్ని దిగువ దీపం మీద
పెట్టుకోవడానికి చూస్తోంది.
ఇంకా కుదరలేదు.
గ్లాసు వేడిగా ఉంది.