ఇటుక

రోలా దగ్గర పాత సామాన్ల దుకాణంల
ముప్పై దిర్హాములకు దొరికింది.
నలుపు తెలుపు తెర, అచ్చం బడి పలక.
పుస్తకాలు చదువుకునే మిషినట.
లోపల ఎవరో సగం చదివి వదిలిన ఇంగ్లీషు పుస్తకం,
నలభై ఒక శాతం దగ్గర ఆగిపోయిన వేలు.

"దీన్ని టాబ్లెట్ జేస్త" అన్నడు కలీం.
కోరుట్ల పిల్లగాడు. పగలంతా ఏసీ డక్టులల్ల దూరి
రాత్రి మా రూముల ఫోన్ల కడుపులు కోసేటోడు.
గోరంత మెమరీ కార్డుల కొత్త ప్రాణం నింపుకొచ్చిండు.
పాత పుస్తకం తుడుచుకపోతదంటే
ఎవ్వలం బాధపడలే.
"ముందే చెప్తున్న, మధ్యల కరెంటు పోతే, వైరు కదిలితే
ఇటుకైతది. ఇగ లేవది."

పై మంచం మీదికెళ్లి ఇస్తారి నవ్విండు,
పందొమ్మిదేండ్లసంది ఇటుక పేర్చినోడు.
"అయితే నాకియ్యిండ్రి, గోడల పెడ్త."

ఆరుగురం ఊపిరి బిగబట్టినం.
బయట జనరేటర్ దగ్గినప్పుడల్లా
కలీం రెండు చేతులూ దాని చుట్టూ,
గాలికి దీపం ఆరకుండ కాసినట్టు.
తెర నల్లబడ్డది. తెల్లబడ్డది. మళ్లా నల్లబడ్డది.
ఒక గీత, చీమ నడిచినంత నిదానంగ,
ఈ కొసకెళ్లి ఆ కొసకు.

లేచింది.
మొదలు తెలుగంతా ఖాళీ డబ్బాలు.
తర్వాత ఒత్తులు అక్షరాల కిందికి పోక
పక్కన నిలబడ్డయి, మెస్సుల చోటు దొరకనోళ్ల లెక్క.
ఫాంటు మార్చిండు.
"ఇస్తారి" అని కొట్టి చూపెట్టిండు:
సా కింద తకారం బుద్ధిగ కూసున్నది.

నాకు కావాల్సింది లైసెన్సు పరీక్ష.
రోడ్డు గుర్తులన్నీ ఎక్కించుకున్న.
ఎరుపు బూడిద. పసుపు బూడిద. పచ్చ బూడిద.
"రంగు గాదు, జాగ యాది వెట్టుకో" అన్నడు కలీం,
"మీదిది ఆగుడు, కిందిది పోవుడు."
నడిమిది ఏందో వానికి గూడ సరిగ తెల్వది.
వెలుగు లేని తెర,
నైట్ డ్యూటీ చేసొచ్చినోళ్ల నిద్రల గుచ్చదు.
తలుపు సందుల, కారిడార్ బుగ్గ కింద పెట్టి చదివేది.

శుక్రారం నాడు ఇస్తారి ఫోన్ నీళ్ల డ్రమ్ముల పడ్డది.
"గా పలకల రాదా నా బిడ్డ?"

వచ్చింది.
మాట రాదు. మనం ఆమెకు కనబడం.
ముక్కలు ముక్కలుగ, పొగలకెళ్లి వచ్చినట్టు సింధూజ.
పెదవి ఒకసారి తెరిచి,
నాలుగు మాటలైనంక మూసింది.
ఒక జడ ముందటికి, రిబ్బన్ కొస పండ్ల మధ్యల.
ఇస్తారి ఒంటి వేలుతోని "తిన్నవా" అని కొట్టేలోపల
బ్యాటరీ అయిపోయింది.

బొమ్మ పోలే.
ఈ తెర గుణమే అంతట: ప్రాణం పోయినా
ఆఖరికి చూసింది వదలదు.
రిబ్బన్ కరుచుకోని సింధూజ
ఇస్తారి దిండు పక్కన, నాలుగు రాత్రులు.
వైరు పట్టుకపోతే చెయ్యి అడ్డం పెట్టిండు.
"పెడితె పోతది గదా."

నా పరీక్ష బేస్తారం.
అడుగుడా వద్దా అనుకుంటనే అడిగిన.
ఆ రాత్రి కూరల ఉప్పున్నదో లేదో తెల్వలే.
బుధారం పొద్దుగాల, సైటు బస్సుకు ముందు,
నా మంచం మీద పెట్టి పోయిండు,
వైరు తనే గుచ్చి.

తెర నల్లబడ్డది, తెల్లబడ్డది.
ఎన్ని గుర్తులు తిప్పినా వెనక
ఒక జడ.
గుండ్రటి మలుపు మీదికెళ్లి,
దారియ్యమనే త్రికోణం నడుమకెళ్లి
పల్చటి గీత.

"మరక పోవాలంటే తెర కడగాలె" అని
కలీం సెట్టింగు తెరిచిండు.
ప్రతి పేజీకి. ఆరు పేజీలకోసారి. ఎప్పుడూ వద్దు.
ఆఖరుదాని మీద నేనే వేలు పెట్టిన.

పరీక్షల ఒక్క మార్కుతోని తప్పిన.
నడిమి దీపం.
మళ్లా తారీకు వచ్చేదాంక
పలక పై మంచం మీదనే.