రెండో గడి

తెనింగ్, కోప్పడకు.
నిన్ను అడక్కుండానే నీ పేరు చెప్పేశాను.

పొద్దున్నే వచ్చారు ముగ్గురు,
ఇస్త్రీ మడత నలగని పొడుగు చొక్కాల్లో,
మన పొయ్యిల పొగకి ముక్కులు మూసుకుంటూ.
పురపాలక ఎన్నికల జాబితా అట.
ఒక మగ పేరు, దాని కింద ఒక ఆడ పేరు,
మళ్లీ మగ, మళ్లీ ఆడ.
చట్టం అలా ఉందట, వాళ్ల ఖర్మ.
రెండో గడి ఖాళీగా ఉంది.
"ఎవరైనా మంచి మనిషిని చెప్పమ్మా,
నెమ్మదస్తురాలైతే బాగు.
సంతకం రాకపోయినా పర్లేదు, వేలిముద్ర చాలు."

నెమ్మదస్తురాలు!
ఎండుచేపల మీద గోనెపట్టా కప్పుతూ
వచ్చిన నవ్వుని కూడా దాని కిందే కప్పేసి
చెప్పాను: తెనింగ్ ఫాయ్.
వాళ్లు రాజధాని నుంచి వచ్చినవాళ్లు, పాపం, నిన్నెరగరు.
ఒక అక్షరం తప్పు రాసుకున్నారు.
నిలబడి దిద్దించాను.

వద్దంటావని తెలుసు.
"నాకేం తెలుసే రాజకీయం" అంటావు
మోచేతి మీది పొలుసులు గీరుకుంటూ.
మరి పోయిన వానాకాలం
పడవల వగాన్ తూకంలో దగా చేస్తే
నలభై మందిమి బుట్టలు బోర్లించి
ఇసకలో కూర్చున్నామే, కూర్చోమన్నదెవరు?
మధ్యాహ్నానికి అతని చేప వాసనేసింది.
సాయంత్రానికి కాటా మారింది.
ఇలాంటివాటికి వాళ్లు పెద్దపెద్ద పేర్లు పెడతారు.
మనకది వట్టి మంగళవారం.

అరవై ఇళ్ల చీటీ డబ్బు
నీ కొంగు ముడిలో ఏడేళ్లుగా తిరుగుతోంది,
ఒక్క నాణెం అటూ ఇటూ కాలేదు.
కాగితమ్మీద లేదు కాబట్టి
దాన్నెవరూ బడ్జెట్ అనలేదు, అంతే.

ఆస్పత్రి ఒంటిగంటకి మూసేస్తారు.
పడవలు నాలుగింటికి ఒడ్డుకొస్తాయి.
సీగా దగ్గు సాయంత్రమే ఎక్కువవుతుంది.
ఆ వేళలు పెట్టిన మనిషి
ఒక్కసారైనా తడిబుట్ట నెత్తికెత్తుకుని ఉంటాడా?
రేవులో మరుగుదొడ్డి కట్టారు, తలుపుకి గడియ మరిచారు.
మన పొయ్యిల్ని ఊరవతలికి తరలిస్తామని తీర్మానం చేశారే,
ఆ రోజు ఆ గదిలో మనమూ ఉన్నాం తెనింగ్.
కుర్చీలు మోశాం. టీ పోశాం.
కూర్చోలేదు.

ఫ్రెంచి రాదంటావా?
చేపకి బేరమాడేటప్పుడు వాళ్లకి
సెరేర్ ఎంత చక్కగా వస్తుందో చూడలేదూ!
కాగితాలు నీ డిబోర్ చదివిపెడుతుంది,
దాని బడి ఫీజు కట్టింది ఆ చేపలే కదా.
మీ ఆయన అలుగుతాడంటావా?
అలగనీ.
రెండు పూటలు అలిగితే మూడో పూట ఆకలేస్తుంది.
అడగందే అమ్మయినా పెట్టదు,
అమ్మలం మనమే అడక్కపోతే
ఊరు మాత్రం ఏం పెడుతుంది?

ఇంకో మాట కూడా అంటావు,
దానికే భయపడుతున్నాను:
"అంత తెలిసినదానివి, నువ్వే నిలబడొచ్చుగా?"

నిజం చెప్పేస్తున్నాను.
ఆ ముగ్గురూ అడగ్గానే
నాలిక చివరికి ముందు వచ్చింది నా పేరే.
మింగేశాను.
ఉప్పుచేప ముల్లులా ఇంకా అక్కడే ఉంది,
నీళ్లు తాగినా దిగలేదు,
అన్నం ముద్ద మింగినా దిగలేదు.
నీ పేరు చెప్పడం ధైర్యమో
నీ వెనక దాక్కోవడమో
రాత్రంతా పొయ్యి ముందు కూర్చున్నా తేలలేదు.

వాళ్లు రేపు మళ్లీ వస్తారు.
బండెక్కేటప్పుడు పెద్దాయన గొణిగాడు,
నాలుగో గడి కూడా ఖాళీయేనట.

నువ్వు ఒప్పుకుంటే గనక
వెళ్లేటప్పుడు మా ఇంటి ముందు ఆగి కేకెయ్యి.
చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంటాను.
పొగ వాసన పోదనుకో.
పోకపోతేనేం,
వాళ్లూ అలవాటు పడాలిగా.