మూడు పాయింట్ మూడు

గుజరాతీ గల్లీల హస్ముఖ్ భాయ్
నల్ల బోర్డును కాయితంల చుట్టి ఇచ్చుకుంట
ఒక్కటే మాట అన్నడు:
"ఇది నాజూకు. ఐదు వోల్టులు తగిలిస్తే
మల్ల నా దుకాణం దిక్కు రాకు."

పాత నీలం బోర్డు అట్ల కాదు.
నాలుగేండ్లు సంపు పక్కన, స్వీటు డబ్బాల,
ఎండకూ వానకూ ఓర్చింది,
ఒక బల్లి సంసారానికి జాగ కూడ ఇచ్చింది.
నల్లా వస్తే కూత వెయ్యాలె, దానికి తెలిసింది అంతే.
పార్శీగుట్టల మా గల్లీకి నీళ్లు ఎప్పుడొస్తయో
నీళ్లకే తెల్వదు.

గని అనసూయక్కకు గాంధీ ఆస్పత్రిల రాత్రి డ్యూటీ పడ్డది.
వార్డు దాంక ఆ కూత పోదు.
"ఫోన్ల మోగేటట్టు చెయ్యరాదు తమ్మీ" అన్నది.

లిఫ్టుల పని దిగి వచ్చినంక
ఒక్కొక్క తీగ పీకి కొత్త కాలుకు తొడుగుతున్న.
ముప్ఫై నాలుగో కాలు వింటది, మాట్లాడదు.
నీళ్ల ఆఫీసు కిటికీకి సరిగ్గ ఉల్టా.
పన్నెండో కాలును లేవంగనే గెలికితే
బోర్డు అలిగి ముసుగు తంతది.
నడుమ రెండు రెసిస్టర్లు,
పెద్ద లొల్లిని మెల్లగ చేసి చెప్పే మేనత్తలు.

రాత్రి రెండుంబావుకు మోగింది.
వార్డుల అక్క ఫోను, అక్క నుంచి ఇంటికి ఫోను,
ఝాన్సీ పైపు గుంజుకుంట ఉరికొచ్చె,
సలీం మోటరు స్విచ్చు మీద చెయ్యేసె,
బిందెలు, టార్చిలైట్లు.
సంపుల తొంగి చూస్తే
అడుగున చెమ్మ.

ఆరువందలు. తప్పు ఆడున్నది.
నిండును పాతది వెయ్యిన్ని ఇరవై మూడు అనేది,
ఇది నాలుగువేల తొంభై ఐదు అంటది.
సంపు అదే, నీళ్లు అవే.
ఆ లెక్కల ఆరువందలంటే మోకాలు లోతు,
ఈ లెక్కల చేతికంటిన తడి.
అన్నీ మార్చిన.
ఆ ఒక్క అంకెను మాత్రం
పాత ఇంటి తాళంచెవి లెక్క జేబుల ఏస్కొని వచ్చిన.

మెట్ల మీద కూసొని రెండువేల నాలుగువందలు కొట్టిన.
ఝాన్సీ టార్చి పట్టింది, ఆవులించుకుంట.
స్క్రూల తొర్రలు కలువలే, టేపుతోని అతికిచ్చిన.

అప్పుడే నల్లా గొంతు సవరించుకున్నది.
అందరు లేచిన్రు.
గాలి.

ఎవ్వరు సంపు దిక్కు చూస్తలేరు,
నా చేతిల ఫోను దిక్కే చూస్తున్నరు.
అది మోగలే.