దుబాసీ

రిసెప్షన్‌లో పేరడిగారు.
నేనే చెప్పాను. ఎప్పుడూ నేనే చెబుతాను.
అమ్మ పక్కన కూర్చుని
ఎదుటి కుర్చీలో ఆవిడ కోటు చూస్తోంది.
చంక దగ్గర లైనింగ్ లాగేస్తోందట,
కుట్టినవాళ్ళు తొందరలో ఉన్నారట.
"మనవాళ్ళే అయ్యుంటారు" అని నవ్వింది
వెన్‌జౌ యాసలో,
ప్రాతో ఊళ్ళో సగం షెడ్లు మాట్లాడే యాసలో,
నేను మాట్లాడగలిగీ
ఒక్క ముక్క రాయలేని యాసలో.

డాక్టర్ బెల్లాండీ అడిగాడు:
చేతులు ఎన్నాళ్ళుగా తిమ్మిరెక్కుతున్నాయి?
అమ్మ మొదలుపెట్టింది,
మొట్టమొదటి జిప్పుల మిషన్ దగ్గర్నుంచి.
పోలీసులొస్తే దీపాలార్పి
గుడ్డ తానుల మధ్య ఊపిరి బిగపట్టడం,
నేను కడుపులో ఉన్న చలికాలం,
యజమాని ఎగ్గొట్టిన మూడు నెలల కూలి,
ఆ కూలి అడగడానికి వెళ్ళి
గుమ్మం దగ్గర్నుంచే తిరిగొచ్చిన మా నాన్న.
నాలుగు నిమిషాలు పట్టింది.
నేను ఇటాలియన్‌లో అన్నాను:
"చాలా ఏళ్ళుగా."
ఆయన రాసుకున్నాడు.
అంతేనా, అన్నట్టు చూసింది అమ్మ.

తొమ్మిదేళ్ళప్పుడు అబ్బిన కత్తిరింపు ఇది.
నివాస పత్రం కోసం తెల్లారకముందే లైను,
అమ్మ సంచిలో మడత కుర్చీ, నా లెక్కల పుస్తకం.
గాజు పలక వెనక మనిషి
కాగితాలు వెనక్కి తోసి ఒక మాటన్నాడు.
బడిలో అప్పటికే రెండుసార్లు విన్న మాట.
"ఏమంటున్నాడు?"
"ఫోటో చిన్నదైందట. దయచేసి మళ్ళీ రమ్మన్నాడు."
దయచేసి. అది నేను వేసిన అతుకు.

ఆ తర్వాత చెయ్యి తిరిగింది.
చదవకపోతే రెండు తగిలించమని
అమ్మ తెరేజా టీచర్‌తో అంటే
"మీకు చాలా కృతజ్ఞతలంటోంది" అన్నాను.
రూయెన్ అనడం రాక నన్ను నోయెమీ చేసిన టీచర్
మీ పిల్ల ఎవరితోనూ కలవదంటే
"బుద్ధిమంతురాలట" అన్నాను.
ఇద్దరూ తలలూపారు.
ఇద్దరికీ నేను నచ్చాను.
అతికించని మాట ఒక్కటే.
పదహారేళ్ళకి, గోడవైపు తిరిగి,
ఇటాలియన్‌లో, అమ్మకి రాదు కదా అని:
"నీలా మిషన్‌కి కట్టుబడి చావను."
వెనకాల బాబిన్ మారుస్తున్న చప్పుడు.
ఆగలేదు ఆ చప్పుడు.
ఆగలేదనే నమ్మాను ఇన్నాళ్ళూ.

ఇంటికెళ్ళే బస్సులో, బిజెంజియో వంతెన మీద,
ఉన్నట్టుండి అంది:
"ఆ గాజు వెనకవాడు దయచేసి అనలేదు."
పంతొమ్మిదేళ్ళ కిందటి మాట.
"నీకెలా తెలుసు?"
"దయచేసి అనేవాడి కింది పెదవి అలా ఉండదు.
గుడ్డ ఎటు లాగుతోందో తెలియకుండానే
ఇన్ని కోట్లు కుట్టానా?"
"మరి అప్పుడే అడగలేదేం?"
కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఊరుకుంది.
"అంత చిన్న చేతులతో కుట్టావు.
కుట్టు విప్పితే చిల్లులు మిగులుతాయి గుడ్డకి."

గోడకి చెప్పిన మాట గురించి అడగాలనుకున్నాను.
క్షమించు అనడానికి మా యాసలో
మాట ఉండే ఉంటుంది.
మా ఇంట్లో ఎవరూ వాడగా వినలేదు నేను.
మెలకువో మగతో తెలీదు గానీ
ఒళ్ళో ఆమె బొటనవేలు కదులుతూనే ఉంది,
లేని గుడ్డని
లేని సూది కిందికి తోస్తూ.

మణికట్టు ఆపరేషన్ మంగళవారం.
"మంగళవారం కుదరదు" అంది బస్సు దిగుతూ,
"మూడొందల కోట్లు ఇవ్వాలి. ఫోన్ చేసి చెప్పు."
రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.
"పెర్ ఫవోరే అని చెప్పు" అంది,
ఇటాలియన్‌లో,
ఒక్క అక్షరం తప్పకుండా.