వీలునుబట్టి

మా ఇంటికి రెండొందల పద్దెనిమిది మెట్లు.
సిలువరాజు ప్రతి పదో మెట్టు మీదా
సుద్దముక్కతో అంకె వేశాడు,
వానకి పోతే మళ్లీ వేశాడు.
నలభయ్యో మెట్టు దగ్గర కుళాయి ఆగిపోతుంది.
అక్కణ్ణుంచి పైకి
అమ్మల నడుములే గొట్టాలు.

మా వసారాలో నిలబడితే కృష్ణంతా కనిపిస్తుంది,
బ్యారేజీ గేట్లు, ఇసుక మేటలు,
పొద్దుగూకాక నీళ్లలో సాగి వణికే దీపాలు.
"ఏం చోటమ్మా మీది!" అంటారు చుట్టాలు.
దాహమంటే అమ్మ సగం గ్లాసు ఇస్తుంది.

కింద రోడ్డు మీద క్యాను పదిహేను రూపాయలు.
నూరో మెట్టుకి ఇరవై అయిదు.
మా గుమ్మంలో నలభై.
ఎక్కేకొద్దీ మనుషులు పేదవాళ్లవుతారు మా కొండ మీద,
నీళ్లు మాత్రం షావుకార్లవుతాయి.

జాన్‌సైదా బీకాం రెండో ఏడు.
మూడొందల పన్నెండు గడపలు తిరిగి లెక్క తీసింది.
బెంజి సర్కిల్ అపార్టుమెంటులో
స్నానాలకీ కార్లకీ కుక్కపిల్లకీ కలిపి కట్టేదానికన్నా
మా కోటమ్మ పిన్ని తాగే నీళ్లకే ఎక్కువ కడుతోంది.
పిన్ని ఆ కాగితం చూసి పగలబడి నవ్వింది,
"ఇంత ఖర్చు పెడతన్నానంటే!
అలా కనపడతన్నానా నేను?"

నాది గవర్నరుపేటలో జిరాక్సు షాపు కొలువు.
అర్జీ టైపు కొడితే పేజీకి ఇరవై.
దివ్యసముఖాలూ, చిత్తగించవలెనులూ
నా వేళ్లకే వచ్చు, నేను చూడక్కర్లేదు.
ఈసారి అవేమీ కొట్టలేదు.
మేం రాసింది అర్జీ కాదు, తీర్మానానికి ముసాయిదా.
అర్జీ చేతులు కట్టుకుని నిలబడుతుంది,
ముసాయిదా కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

కొండకో బూస్టరు పంపు.
నూట యాభయ్యో మెట్టు దగ్గర ట్యాంకు.
ప్రతిరోజూ, ఉదయం ఆరు నుంచి ఏడు.

ఇంజనీరు గారు మంచాయనే, టీ తెప్పించారు.
పంపు సరే అన్నారు. ట్యాంకు సరే అన్నారు.
"ప్రతిరోజూ" దగ్గర పెన్ను ఆగింది.
దాన్ని కొట్టేసి పైన సన్నగా రాశారు:
వీలునుబట్టి.

"ఎవరి వీలండీ?" అంది జాన్‌సైదా.

ఫ్యాను తిరిగింది చాలాసేపు.

ఆ ఒక్క మాట కోసం నాలుగు నెలలు.
వార్డు సభలు, కార్పొరేటరు ఇంటిముందు చెప్పుల మధ్య పడిగాపులు,
"చదువుకోండమ్మా, ఇయ్యన్నీ మీకెందుకు" అన్న పెద్దమనిషి.
చదివాం.
బడ్జెట్ పుస్తకం రెండువైపులా జిరాక్సు తీశాను
ఓనరు భోజనానికి వెళ్లినప్పుడు.
కొండల నీళ్లకని కేటాయించిన డబ్బు
మూడేళ్లుగా ఒకే పేజీలో పడుకుని ఉంది,
ఎవరూ లేపలేదు.

కౌన్సిల్లో మాది అరవై మూడో అంశం.
భోజనాలయ్యాక వచ్చింది.
చర్చ పదకొండు నిమిషాలు,
అందులో ఏడు, పార్కులో ఫౌంటెన్ ఎవరి హయాంలో ఆగిందన్న దానికే.
చివరికి "రోజు విడిచి రోజు" అని తేల్చారు.
చేతులు లేచాయి, దిగాయి.
సిలువరాజు చప్పట్లు మొదలెట్టి సగంలో ఆపేశాడు.
జాన్‌సైదా ఇంటిదాకా మాట్లాడలేదు,
మెట్లు మాత్రం లెక్కపెట్టుకుంది, పైకే వినపడేలా.

పంపు బిగించేసరికి ఎండాకాలం దాటింది.

"అయితే రేపు రావా?" అడిగింది అమ్మ.
"రావు. ఎల్లుండి."
"ఖాయంగా రావా?"
"ఖాయంగా రావమ్మా."

ఇరవై రెండేళ్లుగా మూడున్నరకి లేచింది మా అమ్మ,
వస్తాయేమో అన్న నీళ్ల కోసం.
ఆ రాత్రి బిందెలు బోర్లించింది.
ఆరున్నర దాటినా లేవలేదు.
నాకు భయమేసి
ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.
వెచ్చగా, తీరిగ్గా, ఊపిరి.

పాత ముసాయిదా వెనకవైపు తిప్పి
"ప్రతి" అని మొదలెట్టాను,
పెన్ను గీరుకున్న చప్పుడు కూడా కాకుండా.