కంచె వెంట మూడు పొదలు

డనీడిన్‌లో మే అంటే చలికాలపు గడప.
సముద్రం మీంచి వీచే గాలికి
దండెం మీది దుప్పటి ఆరదు, బిగుసుకుంటుంది.

కంచె వెంట మూడు రోడోడెండ్రాన్లు.
నాటి ఏడేళ్లు.
కరెంటు బిల్లుల వెనక లెక్క రాసి పెట్టుకున్నాను:
మొదటి ఏడు, కొన్నప్పుడు ఉన్న మొగ్గలే విచ్చుకున్నాయి.
తర్వాత నాలుగు గుత్తులు. ఆ తర్వాత సున్న.
పోయిన అక్టోబరులో మూడింటికీ కలిపి పదకొండు,
అందులో రెండు గాలి పట్టుకుపోయింది.

"పీకి పారెయ్, ఎల్స్‌పెత్" అంటాడు
కంచె మీద మోచేతులు ఆనించి పక్కింటి ఫెర్గస్.
అతని పొదల్ని చూడ్డానికి
బస్సు డ్రైవరు కూడా మలుపులో నెమ్మదిస్తాడు.
వాటికి అతను ఏమీ చెయ్యడు.
అదే నాకు ఒళ్లుమంట.

నేనేం తక్కువ చేశాను?
పైన్ ఆకులు పరిచాను, టీ పొడి పోశాను,
మట్టి పులుపు తేల్చే కాగితాలు కొన్నాను.
ఒకసారి, ఎవరూ లేనప్పుడు, బతిమాలాను కూడా.
ఆకులు మాత్రం నిగనిగ,
అద్దె ఎగ్గొట్టి ఇస్త్రీ చొక్కాలో తిరిగే మనిషిలా.

ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు గూళ్లలో వేసినదాన్ని.
ఏది ఎటు పోవాలో చిటికెలో తేల్చేదాన్ని.
శనివారం వ్యాను వస్తుంది, కొత్తవి మూడు.
సగం డబ్బు కట్టేశాను.
కాబట్టి ఇవాళ పార.

మొదటిది తేలిగ్గా లేచింది.
మరీ తేలిగ్గా, ఊగే పాలపన్నులా.
మట్టి దులిపితే
వేళ్లన్నీ గుండ్రంగా, అడుగున చదునుగా,
అచ్చం నర్సరీ కుండీ ఆకారం.
ఏడేళ్లు నా మట్టిలో ఉండి
ఒక్క వేరూ గీత దాటలేదు.
తన చుట్టూ తనే తిరిగింది.

నాటిన రోజు వాన. అది గుర్తొచ్చింది.
ఐదింటికే చీకటి, ఓవెన్‌లో ఏదో పెట్టి వచ్చాను.
వేళ్లు విడదీయాలని తెలుసు.
తెలిసే, ఉన్నదున్నట్టు గోతిలో దించి
బూటుతో తొక్కాను.

ఫెర్గస్‌కి ఈ మాట చెప్పలేదు.

మొదటిదాన్ని తోపుడుబండిలో వేశాను, అది ఇక బతకదు.
రెండోదాన్ని పైకి తీసి మోకాళ్ల మీద కూర్చుని
వంటింటి ఫోర్కుతో, చిక్కుజుట్టు దువ్వినట్టు
ఒక్కో వేరూ బయటికి లాగాను. కొన్ని తెగాయి.
చిన్న చప్పుడే. బాగా వినపడింది.

మూడోదాన్ని ముట్టుకోలేదు.
నడుంనొప్పి అని చెప్పుకోవచ్చు.
దాని కొమ్మ చివర ఒక మొగ్గ ఉంది.
లావుగా ఉంటే పువ్వట, సన్నగా ఉంటే ఆకట.
ఇది రెండూ కాదు.
వేలితో నొక్కి చూడబోయి మానేశాను.

వ్యాను అబ్బాయికి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.
రెండు వెనక్కి పట్టుకెళ్లమంటే
కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరు.
పారని కంచెకే ఆనించి లోపలికొచ్చాను.
రాత్రి వాన పడితే తుప్పు పడుతుంది.
తెలుసు.